ఓడినవాడి చేతిలో కాగితం

అందరికీ నమస్కారం.

ఎన్నికల గురించి మాట్లాడమంటే మనకి ముందు గెలిచినవాళ్లే గుర్తొస్తారు. ఎన్ని సీట్లు వచ్చాయి, మెజారిటీ ఎంత, ఎవరికి ఏ శాఖ. ఇవాళ నేను ఓడిపోయినవాళ్ల గురించి మాట్లాడతాను. ప్రజాస్వామ్యం ఇంకా కుదురుకోని దేశంలో అధికారం గొడవ లేకుండా చేతులు మారాలంటే, ఫలితం వచ్చిన రాత్రి ఓడినవాడు ఏం చేస్తాడన్నదే అసలు సంగతి. పెద్దమనిషైతే దిగిపోతాడు, దుర్మార్గుడైతే దిగడు అని సులువుగా అనేస్తుంటాం. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. చదువుకున్న పెద్దమనుషులు కుర్చీ పట్టుకుని వేలాడారు, చేతికి నెత్తురంటినవాళ్లు మర్యాదగా దిగిపోయారు. తేడా వేరేచోట ఉంది.

మన దగ్గర 1977 సంగతి మీ అందరికీ తెలిసిందే, దాని జోలికి వెళ్లను. నేను ఎక్కువగా ఘనా గురించి చెబుతాను. పశ్చిమాఫ్రికా దేశం, 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత 1966, 1972, 1978, 1979, 1981... ప్రతిసారీ ప్రభుత్వాన్ని మార్చింది సైన్యమే. 1992లో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. అంటే ఇప్పుడున్న ప్రజాస్వామ్యానికి ముప్పై ఏళ్లు దాటాయంతే. ఈలోగా అధికారం ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి నాలుగుసార్లు మారింది. 2001, 2009, 2017, 2025. నాలుగుసార్లూ జనవరి 7నే.

చివరిసారి ఏం జరిగిందో చూడండి. 2024 డిసెంబర్ 7, శనివారం పోలింగ్. అధికార పార్టీ అభ్యర్థి అప్పటి ఉపాధ్యక్షుడు మహముదు బావుమియా. ఆదివారం ఉదయానికల్లా ఆయన విలేకరుల్ని ఇంటికి పిలిచి, మేం ఓడిపోయాం, ప్రతిపక్ష అభ్యర్థి జాన్ మహామాకి ఫోన్ చేసి అభినందించాను అని చెప్పేశారు. ఎన్నికల సంఘం అప్పటికింకా ఫలితం ప్రకటించనే లేదు, ప్రకటించింది సోమవారం. మరి ఆయనకి ఎలా తెలిసింది? తమ పార్టీ సొంతంగా వేసుకున్న లెక్కలో ఓటమి ఖాయమని తేలింది. టెన్షన్ పెరక్కుండా ముందే చెప్పేస్తున్నానన్నారు.

ఇదే బావుమియా 2013లో సుప్రీంకోర్టులో సాక్షిగా రోజుల తరబడి నిలబడ్డారు. 2012 ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది, మహామా గెలిచారు. ఆ ఫలితాన్ని కొట్టేయమని కేసు వేశారు. దేశంలో 26,002 పోలింగ్ కేంద్రాలుంటే పదివేలకు పైగా కేంద్రాల్లో తేడాలున్నాయని వాళ్ల వాదన. ఒకచోట వేసిన ఓట్లు ఉండాల్సినవాటికన్నా ఎక్కువున్నాయి, ఒకచోట పోలింగ్ అధికారి సంతకం లేదు, ఒకచోట ఫారం మీద సీరియల్ నంబర్ ఇంకోచోటిదే మళ్లీ ఉంది. అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీస్తుంటే బావుమియా పదే పదే చెప్పిన జవాబొకటి ఊరూవాడా పాకిపోయింది. "మీరూ అక్కడ లేరు, నేనూ అక్కడ లేను, మన దగ్గరున్నది ఈ కాగితమే" అన్న అర్థంలో. జనం దాన్ని జోకులకి వాడుకున్నారు. నాకు మాత్రం ఎన్నికల గురించి అంతకన్నా పనికొచ్చే మాట ఇంకెక్కడా దొరకలేదు.

ఆ కాగితాన్ని అక్కడ పింక్ షీట్ అంటారు. రంగు వల్ల వచ్చిన పేరే. పోలింగ్ ముగియగానే పెట్టెల్ని ఎక్కడికీ తీసుకుపోరు. అక్కడే, జనం చూస్తుండగానే, ఒక్కో బ్యాలెట్ పైకెత్తి చూపించి లెక్కపెడతారు. ఎవరికెన్ని వచ్చాయో ఫారంలో రాస్తారు. పోలింగ్ అధికారి సంతకం పెడతాడు, పార్టీల ఏజెంట్లు పెడతారు, ప్రతి ఏజెంటుకీ ఒక కాపీ ఇస్తారు. చూడటానికి మామూలు గుమాస్తా పనే. కానీ ఆ రాత్రి ప్రతి పార్టీ ఆఫీసుకీ దేశం నలుమూలల నుంచి తమ మనుషులు సంతకం పెట్టిన కాగితాలు వచ్చి పడతాయి. వాటిని కూడుకుంటే ఫలితం తేలిపోతుంది. ఎన్నికల సంఘం చెప్పేదాన్ని నమ్మాల్సిన పని లేదు, సరిచూసుకుంటే చాలు. ఓడినవాడికి తాను ఓడిపోయానని తన మనుషుల చేతి రాతలోనే తెలుస్తుంది. ఇక బయట ఏం మాట్లాడినా, లోపల అతనికి నిజం తెలుసు, అతని పార్టీ పెద్దలకీ తెలుసు. అబద్ధం ఆడాలంటే సొంత పార్టీలోనే వేలమంది నోళ్లు మూయించాలి.

ఇలాంటి ఏర్పాట్లు ఎవరో మేధావి కూర్చుని ఆలోచిస్తే వచ్చినవి కావు. 1992 నవంబర్‌లో జరిగిన అధ్యక్ష ఎన్నికలో మోసం జరిగిందని ప్రతిపక్షం గోల చేసి, డిసెంబర్‌లో పార్లమెంటు ఎన్నికల్ని బహిష్కరించింది. అప్పటి పెట్టెలు లోపలేముందో కనపడనివి. ఓడినవాళ్ల అనుమానాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. 1994లో ఎన్నికల సంఘం పార్టీలన్నిటినీ ఒక కమిటీగా కూర్చోబెట్టింది. వాళ్ల ఫిర్యాదుల్లోంచే 1996 నాటికి అద్దంలా లోపలిదంతా కనిపించే పెట్టెలు వచ్చాయి, ఫొటో ఉన్న ఓటరు కార్డులు వచ్చాయి. ఓడినవాడి ఏడుపుని విసుగుపడకుండా వినిపించుకున్న సంఘం అది. ఎన్నికల సంఘం ఎంత గట్టిదో అంచనా వేయాలంటే నేను ముందు చూసేది ఇదే. గెలిచిన పార్టీ మెచ్చుకుంటే దాని వల్ల మనకేమీ తెలియదు.

2008లో అయితే వ్యవహారం అంచుదాకా వెళ్లింది. అధ్యక్ష ఎన్నికలో ఎవరికీ సగం ఓట్లు దాటకపోవడంతో డిసెంబర్ 28న రెండో విడత పోలింగ్ పెట్టారు. లెక్క చూస్తే తేడా సుమారు 23 వేలు. టైన్ అనే ఒక్క నియోజకవర్గంలో పోలింగ్ జరగలేదు, అక్కడున్న ఓటర్లు 50 వేలకు పైనే. ఆ ఒక్కచోటి ఓట్లతో ఫలితం తారుమారయ్యే వీలుంది కాబట్టి విజేతని ప్రకటించనని సంఘం అధ్యక్షుడు అఫారీ-జ్యాన్ తేల్చిచెప్పారు. రాజధానిలో రెండు పార్టీల జనమూ రోడ్ల మీదే ఉన్నారు. జనవరి 2న టైన్‌లో ఓట్లు వేశారు, 3న ఫలితం చెప్పారు. ప్రతిపక్ష అభ్యర్థి అట్టా మిల్స్‌కి 50.23 శాతం, అధికార పార్టీ అభ్యర్థి నానా అకుఫో-అడ్డోకి 49.77. అరశాతం కూడా లేదు. 7న ప్రమాణ స్వీకారం. అంటే కొత్త ప్రభుత్వానికి ఇల్లు సర్దుకునేందుకు దొరికింది నాలుగు రోజులు.

పక్కనే ఉన్న ఐవరీ కోస్ట్‌లో 2010లో ఏం జరిగింది? ఎన్నికల సంఘం ప్రతినిధి ఫలితాలు చదవబోతుంటే అధ్యక్షుడు బాగ్బో మనిషి ఒకడు టీవీ కెమెరాల ముందే ఆ కాగితాలు లాక్కుని చింపేశాడు. డిసెంబర్ 4న ఒకే దేశానికి ఇద్దరు అధ్యక్షులు విడివిడిగా ప్రమాణం చేశారు. తర్వాతి ఏప్రిల్‌లో బాగ్బోని పట్టుకునేసరికి దాదాపు మూడువేలమంది చచ్చిపోయారు.

కాగితం ఒక్కటే చాలదు, అదీ చెప్పాలి. గాంబియా ఉదాహరణ తీసుకుందాం. చిన్న దేశం, అక్కడ ఓటు వేసే పద్ధతి వినడానికి తమాషాగా ఉంటుంది. బ్యాలెట్ పేపర్ ఉండదు. అభ్యర్థికో డ్రమ్ము, దానికి వాళ్ల రంగు, ఫొటో. ఓటరు చేతికి ఒక గోళీ ఇస్తారు. నచ్చినవాడి డ్రమ్ములో వేస్తే లోపల గంట మోగుతుంది. రెండుసార్లు మోగితే దొంగ ఓటని బయటున్నవాళ్లకి తెలిసిపోతుంది. సైకిల్ బెల్లుతో తికమక పడకూడదని పోలింగ్ రోజున ఆ చుట్టుపక్కల సైకిళ్లు రానివ్వరు. (నవ్వులు) నవ్వకండి, చదువు రాని ఓటరుకి ఇంతకన్నా సులువైన పద్ధతి నేను చూడలేదు.

2016 డిసెంబర్ 1న అక్కడ ఎన్నిక. 22 ఏళ్లుగా పాలిస్తున్న యాహ్యా జామే ఆడమా బారో చేతిలో ఓడిపోయారు. మర్నాడు టీవీలో బారోకి నవ్వుతూ ఫోన్ చేసి, మీరే గెలిచారు అన్నారు. దేశమంతా వీధుల్లోకొచ్చి డాన్సులు చేసింది. వారం తిరిగేసరికి, డిసెంబర్ 9న, ఈ ఫలితాన్ని ఒప్పుకోను అన్నారు. పైకి చెప్పిన కారణం లెక్కలో తప్పు. ఎన్నికల సంఘం ఒకచోట కూడికలో పొరపాటు దొర్లిందని తనంతట తానే సరిదిద్దింది, దాంతో ఆధిక్యం 51 వేల నుంచి 19 వేలకి తగ్గింది. విజేత మారలేదు. కానీ ఆ వారంలో ఇంకొకటి జరిగింది. గెలిచిన కూటమిలోని పెద్దలు కొందరు ఆయన్ని విచారించాలని బాహాటంగా మాట్లాడారు. జామే ఆస్తుల గురించి, జైళ్లలో మాయమైనవాళ్ల గురించి దేశానికంతటికీ తెలుసు. కుర్చీ దిగితే తన గతి ఏమిటో ఆయన ఆ వారమంతా లెక్కేసుకునే ఉంటారు.

పోనీ కోర్టుకి వెళ్లొచ్చుగా అంటే, వెళ్లారు కూడా. కానీ ఆయన హయాంలోనే సుప్రీంకోర్టు ఖాళీ అయిపోయింది. ప్రధాన న్యాయమూర్తి తప్ప విచారణకి సరిపడా జడ్జీలే లేరు. తవ్విన గోతిలో తనే పడ్డారు. చివరికి బారో జనవరి 19న పక్క దేశంలో, సెనెగల్ రాజధాని డకార్‌లోని తమ రాయబార కార్యాలయంలో ప్రమాణం చేయాల్సి వచ్చింది. పొరుగు దేశాల సైన్యాలు సరిహద్దు దాటాక, 21న జామే విమానం ఎక్కారు.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న రెండో సంగతి ఉంది. ఓడినవాడికి తాను ఓడిపోయానని తెలియాలి, దాంతోపాటు ఓడినా బతకొచ్చని కూడా తెలియాలి. ఈ రెండోది మనకి మింగుడుపడదు.

ఘనాలో జెర్రీ రాలింగ్స్ సంగతి ఆలోచించండి. వాయుసేనలో చిన్న ఆఫీసరు. 1979 జూన్‌లో అధికారం పట్టుకున్నాక, అంతకుముందు దేశాన్ని ఏలిన ముగ్గురు మాజీ అధినేతల్ని ఆ నెలలోనే తుపాకులతో కాల్చి చంపించిన ప్రభుత్వం ఆయనది. అంటే గద్దె దిగినవాళ్లకి ఏం జరుగుతుందో ఘనాలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి రాలింగ్సే. అలాంటివాడు 2001లో, రెండు పదవీకాలాలు అయిపోయాయి కాబట్టి, తన పార్టీ ఓడిపోయినా సరే, ప్రత్యర్థి జాన్ కుఫూర్‌కి అధికారం అప్పగించి ఇంటికి వెళ్లారు. ఎలా సాధ్యమైంది? 1992 రాజ్యాంగం చివర్లో కొన్ని నిబంధనలున్నాయి. సైనిక పాలన కాలంలో జరిగిన పనుల మీద ఎవరినీ కోర్టుకి లాగకూడదని వాటి సారాంశం. మనవాళ్లని చంపినవాడిని ఎలా వదిలేస్తారు అని బాధితులు అడుగుతూనే ఉన్నారు, అడగడంలో తప్పులేదు. కుఫూర్ వచ్చాక ఆ బాధలు వినడానికి ఒక కమిషన్ వేశారు, ఆ పనులకి ఎవరినీ జైలుకి మాత్రం పంపలేదు. నాకైతే ఇది న్యాయం అనిపించదు. అయినా ఆ నిబంధన లేకపోతే 2001 జనవరి 7 ఉండేదని నేను నమ్మను.

అదొక్కటే అయితే కథ అక్కడితో ఆగిపోయేది. తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. ప్రతిపక్షంలోంచి వచ్చి అధ్యక్షులైనవాళ్ల జాబితా చూడండి. కుఫూర్ 1996లో ఓడి 2000లో గెలిచారు. మిల్స్ 2000లో, 2004లో ఓడి 2008లో గెలిచారు. అకుఫో-అడ్డో 2008లో, 2012లో ఓడి 2016లో గెలిచారు. మహామా పదవిలో ఉండగానే 2016లో ఓడిపోయి, 2020లో మళ్లీ ఓడి, 2024లో 56 శాతానికి పైగా ఓట్లతో తిరిగొచ్చారు. ఓడకుండా ఒక్కసారే గెలిచి అటు నుంచి ఇటొచ్చినవాడు ఒక్కడూ లేడు. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అని మనం ఊరికే అంటుంటాం, అక్కడ మాత్రం అది ఎనిమిదేళ్లకోసారి కళ్లముందు జరుగుతోంది. ఇది చూస్తూ పెరిగిన నాయకుడికి ఓటమి అంటే ఎనిమిదేళ్లు ఓపిక పట్టడం అని అర్థమైపోతుంది. తుపాకీ పట్టుకోవడం కన్నా అది చవకైన బేరం.

2012 ఫలితం మీద కేసు వేసిన అకుఫో-అడ్డో 2013 తీర్పు నాడు చేసింది కూడా ఈ లెక్కలోంచే చూడాలి. తొమ్మిదిమంది జడ్జీల ముందు ఎనిమిది నెలలు నడిచిన కేసు, టీవీలో దేశమంతా లైవ్ చూసింది. ఆగస్టు 29న కొట్టేశారు. ఆయన బయటికొచ్చి, ఈ తీర్పుతో నేను ఏకీభవించను, కానీ ఒప్పుకుంటున్నాను, పునఃపరిశీలన కోరను అని చెప్పి మహామాకి ఫోన్ చేశారు. ఆ ఎనిమిది నెలలూ మహామా పాలిస్తూనే ఉన్నారు, అందుకే తర్వాత కోర్టు నిబంధనలు మార్చి ఇలాంటి కేసులకి గడువు పెట్టారు. కెన్యాలో పద్ధతి ఇంకా మేలు. ప్రమాణం చేసేలోపే, పిటిషన్ పడ్డ 14 రోజుల్లో తేల్చాలి. 2017లో అలాగే తేల్చి ఎన్నికనే రద్దు చేశారు.

ఇక అప్పగింతల సంగతి. పేపర్లలో రాని విషయం ఇది, నిజానికి చాలా గొడవలు పుట్టేది ఇక్కడే. 2001లో, 2009లో ప్రధానంగా తగువు ఏమిటో తెలుసా? కార్లు. మాజీ మంత్రుల దగ్గర ఏ కారు ప్రభుత్వానిది, ఏది సొంతం, ఎవరు ఎప్పుడు తిరిగివ్వాలి. బంగళాలు ఎప్పుడు ఖాళీ చేయాలి. 2012లో దీనికోసం ఒక చట్టం తెచ్చారు. పోలింగ్‌కి నెలరోజుల ముందే అధ్యక్షుడి కార్యాలయం అప్పగింత నోట్స్ రాసి సిద్ధంగా ఉంచాలి, గెలుస్తామన్న నమ్మకం ఎంత ఉన్నా సరే. ఫలితం రాగానే ఇద్దరి తరఫునా సమాన సంఖ్యలో మనుషులతో ఒక బృందం కూర్చోవాలి. ప్రభుత్వ ఆస్తుల జాబితా ఒక ప్రత్యేక అధికారి దగ్గర ఉండాలి. ఇంత చేసినా 2017లో రెండొందలకు పైగా కార్లు లెక్క తేలడం లేదని కొత్త ప్రభుత్వం ప్రకటించింది. (నవ్వులు) అయినా ఆ చట్టం పనికిరాదని అనను. ఓడిన మంత్రి ఇంట్లోకి పార్టీ కుర్రాళ్లు జొరబడి కారు తాళాలు లాక్కుంటే, ఆ మంత్రి వచ్చే ఎన్నికలో ఏం చేసైనా ఓడకూడదనుకుంటాడు. చిన్న అవమానాలే పెద్ద మొండితనానికి విత్తనాలు.

కొత్త రిపబ్లిక్కులకి ఈ తలనొప్పి ఇవాళ్టిది కాదులెండి. 1801లో అమెరికాలో జాన్ ఆడమ్స్ ఓడిపోయి, జెఫర్సన్ ప్రమాణం చేసే రోజు తెల్లవారకముందే బండెక్కి ఊరొదిలి వెళ్లిపోయారు. మర్యాద తప్పారు, కానీ వెళ్లారు. నాకది చాలు.

ఘనాని ఆకాశానికి ఎత్తేస్తున్నానని మీకు అనిపించొచ్చు. కాబట్టి నాకు భయం పుట్టించేవి కూడా చెబుతాను. అధికారం మారిన ప్రతిసారీ గెలిచిన పార్టీ కింది స్థాయి కార్యకర్తలు టోల్ గేట్ల మీద, ఆఖరికి పబ్లిక్ టాయిలెట్ల మీద పడి స్వాధీనం చేసుకున్నారు. అక్కడ రోజూ చిల్లర వసూలవుతుంది, ఇన్నాళ్లూ అది అవతలి పార్టీవాడి చేతిలో ఉంది. 2017లో ఒక గుంపు ఏకంగా కోర్టు మీద పడి తమవాళ్లని విడిపించుకుపోయింది. 2020 ఎన్నికల్లో మనుషులు చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో, ఎన్నిక జరిగిన డిసెంబర్ 7 తర్వాత ఇచ్చిన ప్రభుత్వ ఉద్యోగాలన్నీ రద్దు చేయమని కొత్త ప్రభుత్వం ఆదేశించింది. దిగిపోయేవాళ్లు చివరి నిమిషంలో తమవాళ్లని నింపేశారన్నది వాళ్ల మాట. ఆ ఉద్యోగం కోసం నిజంగా ఎదురుచూసినవాడికి మాత్రం ఇది శాంతియుత మార్పిడిలా కనిపించదు.

అంతకన్నా పెద్దది అంపైర్ల సంగతి. 2018లో అప్పటి ప్రభుత్వ కాలంలో ఎన్నికల సంఘం అధ్యక్షురాలిని తొలగించారు. 2025లో ఇప్పటి ప్రభుత్వ కాలంలో ప్రధాన న్యాయమూర్తిని తొలగించారు. రెండుసార్లూ ఫిర్యాదు, కమిటీ, సిఫారసు, అంతా రాజ్యాంగం ప్రకారమే. కానీ గెలిచినవాడు వచ్చీరాగానే అంపైర్‌ని మార్చడం అలవాటైతే, రేపు పింక్ షీట్ పట్టుకుని కోర్టుకి వెళ్లేవాడు ఆ కోర్టుని నమ్మడు.

సరే, నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

*ప్రశ్న: చుట్టుపక్కల మాలి, బుర్కినా ఫాసో, నైజర్‌లలో సైన్యం వచ్చేసింది కదండీ. ఘనాలో ఎందుకు రాలేదు?*

ఒక్క కారణం చెప్పలేను. ఘనా సైనికులు 1960 నుంచీ ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో పనిచేస్తున్నారు. దానివల్ల జీతమూ గౌరవమూ రెండూ వస్తాయి. కుట్ర చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇంకొకటి, ప్రభుత్వం నచ్చకపోతే నాలుగేళ్లకి దించేయొచ్చని జనానికి అనుభవంలోకి వచ్చింది. నైజర్‌లో, మాలిలో కుట్ర జరిగిన రోజున జనం చప్పట్లు కొట్టారు. ఘనాలో ఎవరైనా ట్యాంకు తెస్తే చప్పట్లు కొట్టేవాళ్లు తక్కువే ఉంటారు. ఆర్థిక పరిస్థితి ఇలాగే ఉంటే ఎప్పటికీ ఉండరని మాత్రం అనలేను. 2022లో ఆ దేశం అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది.

*ప్రశ్న: అన్నిటికన్నా ముందు మార్చాల్సింది ఏమిటంటారు?*

జిల్లా పాలనాధికారి పదవి. అక్కడ ప్రతి జిల్లాకీ అధిపతిని అధ్యక్షుడే నామినేట్ చేస్తాడు. దాంతో రాజధానిలో ఓడిన పార్టీ మారుమూల ఊళ్లో కూడా సర్వం పోగొట్టుకుంటుంది. ఇందాక చెప్పిన టోల్ గేట్లు, టాయిలెట్ల గొడవ కూడా దానికి అనుబంధమే. ఆ పదవుల్ని ఎన్నికలతో, పార్టీల ప్రాతిపదికన నింపే దారి తెరవడానికి 2019 డిసెంబర్‌లో రెఫరెండం పెట్టబోయారు. పార్టీల మధ్య ఏకాభిప్రాయం లేదని అధ్యక్షుడు రెండు వారాల ముందు రద్దు చేశారు. ఆ రెఫరెండం మళ్లీ ఎవరు పెడతారో చూస్తున్నాను. పెడితే, 2028లో ఎవరు గెలుస్తారన్నదాని కన్నా నాకు అదే ముఖ్యం.